కొత్త క్రౌడ్‌ఫండింగ్ బోర్డ్ గేములు మీరు ఎక్కడ పట్టుకుంటున్నారు?

కొత్తపాచిక

అందరికీ నమస్కారం. మా ఆఫీసు బ్యాచ్‌కి శుక్రవారం సాయంత్రం బోర్డ్ గేములు ఆడే అలవాటు పడింది. కటాన్, టికెట్ టు రైడ్, కోడ్‌నేమ్స్ అన్నీ అరిగేదాకా ఆడేశాం. కొత్తవి చూద్దామని, గేము తయారవకముందే జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్‌లోకి వెళ్తే కళ్ళు తిరిగాయి. ఏ పేజీ తెరిచినా పెద్ద పెద్ద బొమ్మలు, "ఇంకా మూడు రోజులే" అని గడియారం, కింద బారులు తీరిన ప్లాస్టిక్ రాక్షసులు. వీటిలో నిజంగా ఆడదగ్గది ఏదో, అటకెక్కేది ఏదో ఎలా తెలుస్తుంది? ఇండియా నుంచి డబ్బు కట్టినవాళ్ళు ఉంటే షిప్పింగ్, కస్టమ్స్ సంగతి కూడా చెప్పండి. మేం నలుగురైదుగురం. గంటన్నరలో అయిపోవాలి. బడ్జెట్ మూడు నాలుగు వేలు.

బెజవాడబాబాయ్

మూడు నాలుగు వేలా! అది ఓడ కిరాయికే సరి తమ్ముడూ. గేము సంగతి తర్వాత చూసుకుందువుగాని.

రూల్‌బుక్_రాంబాణం

బాబాయ్ గారూ, అప్పుడే కుర్రాణ్ణి బెదరగొట్టకండి.

కొత్తపాచిక గారూ, ముందు ఒక మాట. కిక్‌స్టార్టర్ హోమ్ పేజీలో వెతకడం మానేయండి. అక్కడ పైకి తేలేవి అప్పటికే జనం ఎగబడ్డవే. నేను వెతికేది బోర్డ్‌గేమ్‌గీక్‌లో. 2000లో మొదలైన సైటు, చూడ్డానికి ఇప్పటికీ అప్పటిలాగే ఉంటుంది, కానీ సమాచారానికి దాన్ని మించింది లేదు. డబ్బు సేకరించే ప్రచారం మొదలవకముందే చాలా గేములకు అక్కడ పేజీ ఉంటుంది. ఫోరమ్‌లో డిజైనరే కూర్చుని ప్రశ్నలకు జవాబులిస్తుంటాడు. ఆ జవాబుల తీరు చూస్తే చాలు, సగం విషయం అర్థమవుతుంది. "ఐదుగురు ఆడితే ఎంతసేపు పడుతుంది?" అని ఎవరో అడిగితే "మా టెస్టుల్లో రెండు గంటలు దాటింది, అందుకే ఒక రౌండ్ తగ్గించాం" అనేవాడు ఒక రకం. "అద్భుతంగా ఉంటుంది, ట్రైలర్ చూడండి" అనేవాడు ఇంకో రకం.

రెండోది, కిక్‌స్టార్టర్ ఒక్కటే లేదిప్పుడు. పోలండ్ వాళ్ళ గేమ్‌ఫౌండ్ ఉంది. మొదట్లో ప్రచారం అయ్యాక అడ్రసులు, యాడ్-ఆన్లు తీసుకునే సాఫ్ట్‌వేర్‌గానే ఉండేది, 2021 నుంచి సొంతంగా ప్రచారాలు నడుపుతోంది. 2025లో ఏకంగా కిక్‌స్టార్టర్‌లాంటి పాత సైటు ఇండీగోగోనే కొనేసింది. బ్యాకర్‌కిట్ కూడా అదే దారిలో వచ్చింది. పెద్ద పెట్టె, బోలెడు మినియేచర్ల (చిన్న ప్లాస్టిక్ బొమ్మల) గేములు ఎక్కువగా గేమ్‌ఫౌండ్‌కి మళ్ళాయి. చిన్న పెట్టెలు, కార్డ్ గేములు ఇంకా కిక్‌స్టార్టర్‌లోనే ఎక్కువ. మీ బడ్జెట్‌కి ఈ రెండో బాపతే నయం.

ఇక పేజీ తెరిచాక వీడియో చూడకండి. రూల్‌బుక్ పీడీఎఫ్ ఉందా లేదా చూడండి. లేకపోతే అక్కడితో ఆపేయండి. ఉంటే ఒక టర్న్‌లో నేను ఏం చేస్తాను, ఎందుకు చేస్తాను, పక్కవాడు ఆడుతున్నప్పుడు నాకేం పని అన్న మూడింటికీ జవాబు దొరకాలి. చివరి పుట దాకా చదివినా ఆట ఎలా ముగుస్తుందో అర్థం కాని రూల్‌బుక్కులు లక్షల డాలర్లు వసూలు చేయడం నేను చూశాను.

వరంగల్_వజ్రం

నాకు అసలు ఈ ముందుగా డబ్బు కట్టుడు ముచ్చటే అర్థం కాదు అన్నా. గేము బాగుంటే దుకాణానికి వస్తది గదా. అప్పుడు రివ్యూలు చూసి కొనుక్కోవచ్చు. వింగ్‌స్పాన్ చూడండి. దాన్ని తెచ్చిన స్టోన్‌మేయర్ వాళ్ళు మొదట్లో అన్నీ కిక్‌స్టార్టర్ మీదనే చేసిన్రు. 2015లో సైథ్ అనే గేముకి 18 లక్షల డాలర్లు వచ్చినయి. అంత వచ్చినంక కూడా ఇక చాలని బంద్ పెట్టిన్రు. వింగ్‌స్పాన్ 2019లో సీదా మార్కెట్‌కి వచ్చింది, ఆ ఏడాది జర్మనీలో కెన్నర్‌స్పీల్ అవార్డు కూడా కొట్టింది. ఇప్పుడు ఆన్‌లైన్‌ల దొరుకుతుంది. ఎవని దగ్గరా సంవత్సరం ముందు డబ్బులు గుంజలేదు.

రూల్‌బుక్_రాంబాణం

వజ్రం గారూ, వింగ్‌స్పాన్ విషయంలో మీతో పేచీ లేదు. కానీ బోర్డ్‌గేమ్‌గీక్ ర్యాంకుల్లో ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉన్నది గ్లూమ్‌హేవెన్. 2015లో కిక్‌స్టార్టర్‌లో పుట్టింది. దాన్ని 2023లో కిందికి దించింది బ్రాస్: బర్మింగ్‌హామ్. అదీ 2017లో కిక్‌స్టార్టర్‌లో వచ్చిందే. రూట్ కూడా 2017దే. దాదాపు పది కిలోల గ్లూమ్‌హేవెన్ పెట్టెను పేరు లేని కొత్త డిజైనర్ పట్టుకొస్తే ఏ పాత ప్రచురణకర్త అచ్చువేసేవాడు? ముందుగా డబ్బు కట్టేవాళ్ళు లేకపోతే అది అచ్చుకే వెళ్ళేది కాదు.

వరంగల్_వజ్రం

గ్లూమ్‌హేవెన్ తర్వాత వచ్చిన ఫ్రోస్ట్‌హేవెన్‌కి 2020లో దగ్గర దగ్గర కోటీ ముప్ఫై లక్షల డాలర్లు వచ్చినయి. అప్పటికి వాళ్ళు కొత్తవాళ్ళా, పేదవాళ్ళా? పేరున్నోడే మళ్ళీ మళ్ళీ ముందు డబ్బులు వసూలు చేసుడు ఎందుకని నా ప్రశ్న.

ఫ్రిస్కో_అత్త

వజ్రం బాబు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పెద్ద కంపెనీలకు ఇది ప్రీ-ఆర్డర్ కౌంటర్ అయిపోయింది, మొహమాటం లేకుండా అలాగే అనుకోవాలి. తేడా ఏంటంటే మామూలు ప్రీ-ఆర్డర్‌లో సరుకు రాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఇక్కడ ఆ భరోసా లేదు. కిక్‌స్టార్టర్ వాళ్ళే 2012లో "మాది దుకాణం కాదు" అని బ్లాగులో రాసుకున్నారు. అప్పటి నుంచే ప్రతి పేజీ కింద "రిస్కులు, సవాళ్ళు" అన్న విభాగం పెట్టించారు. ఆ భాగం ఎవరూ చదవరు. నేను మొదట అదే చదువుతాను.

అమెరికాలో ఒక కేసు చెప్తాను. 2012లో "ద డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ" అనే గేముకి 35 వేల డాలర్లు అడిగితే లక్షా 22 వేలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ప్రాజెక్ట్ రద్దన్నాడు నిర్వాహకుడు. ఇంటి అద్దెకీ, వేరే రాష్ట్రానికి మకాం మార్చడానికీ వాడుకున్నాడని తేలింది. 2015లో వినియోగదారుల మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. క్రౌడ్‌ఫండింగ్ మీద వాళ్ళకి అదే మొదటి కేసు. లక్షా 11 వేల డాలర్లు కట్టాలని ఉత్తర్వు వచ్చింది కానీ, కట్టే స్తోమత లేదని అదీ నిలిపేశారు. బ్యాకర్లకి, అంటే డబ్బు కట్టినవాళ్ళకి, చిల్లిగవ్వ రాలేదు. ఆ గేమును తర్వాత క్రిప్టోజోయిక్ అనే కంపెనీ అచ్చువేసి, డబ్బు కట్టినవాళ్ళకి తలా ఒక కాపీ పంపింది. ఆ కంపెనీకి అసలు ఆ అవసరమే లేదు. అందరికీ అలాంటి పుణ్యాత్ములు దొరకరు.

ఇక దొంగతనం ఏమీ లేకుండానే మునిగే సందర్భాలు ఎక్కువ. 2021లో కంటైనర్ రేట్లు చుక్కల్ని తాకినప్పుడు, అంతకు ఏడాది ముందు షిప్పింగ్ లెక్క కట్టి డబ్బు తీసుకున్నవాళ్ళంతా చేతి డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద ఇక్కడ అమెరికాలో సుంకం 145 శాతం దాకా పెరిగింది. బోర్డ్ గేముల్లో ఎక్కువ భాగం తయారయ్యేది చైనాలోనే కదా. అచ్చయిపోయి ఫ్యాక్టరీలో కూర్చున్న గేముల్ని తెచ్చుకోవాలా వద్దా అని తలలు పట్టుకున్నారు. మేలో 30కి తగ్గించారు, కానీ అప్పటికే కొందరు బ్యాకర్ల దగ్గర అదనపు రుసుము అడిగేశారు. నేను కట్టిన ఒక గేముకి మెయిల్ వచ్చింది, "ఇంకో 18 డాలర్లు ఇస్తే పంపుతాం" అని. ఇచ్చాను. ఏం చేస్తాం, పెట్టె వాళ్ళ దగ్గరే ఉంది!

సీతమ్మధార

ఇండియా సంగతి నేను చెప్తాను. వైజాగ్‌లో ఉంటూ ఈ పిచ్చి పెంచుకున్నవాణ్ణి.

మొదట కార్డు. 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం మన కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు మనంతట మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి. కిక్‌స్టార్టర్‌లో మీరు ప్లెడ్జ్ (ఇంత కడతానని ఇచ్చే మాట) నొక్కిన రోజున డబ్బు కట్ కాదు. లక్ష్యం చేరి, ప్రచారం ముగిశాకే కట్ అవుతుంది. లక్ష్యం చేరకపోతే అసలు కట్ కాదు. నెల రోజుల తర్వాత ఏ అర్ధరాత్రో వాళ్ళు లాగడానికి ప్రయత్నించేసరికి మీరు యాప్‌లో ఆ స్విచ్ ఆఫ్ చేసి ఉంటారు, పేమెంట్ ఫెయిల్. కంగారేం లేదు. ఏడు రోజులు గడువిస్తారు, మెయిల్‌లో లింకు వస్తుంది, సరిచేసుకోవచ్చు.

తర్వాత షిప్పింగ్. పేజీ కింద పట్టిక ఉంటుంది. అందులో ఇండియా పేరు ఉందా, "మిగతా ప్రపంచం" అన్న గంపలో పడేశారా చూడండి. గంపలో ఉంటే గేము ధరంత షిప్పింగ్ పడ్డా ఆశ్చర్యం లేదు. పైగా ఇప్పుడు చాలామంది షిప్పింగ్ ముందు తీసుకోరు, గేము తయారయ్యాక వసూలు చేస్తారు. ముందు కనిపించేది అంచనా మాత్రమే.

అసలు టెన్షన్ కస్టమ్స్ దగ్గర. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కస్టమ్స్ వాళ్ళు సరుకుల రకాన్ని గుర్తించే నంబరు హెచ్‌ఎస్ కోడ్, బొమ్మలది 9503. బోర్డ్ గేములు, పేకముక్కలు 9504 కిందికి వస్తాయి. పంపేవాడు ఇన్‌వాయిస్ మీద "టాయ్" అని రాశాడా, మీ పార్సిల్ బొమ్మల లెక్కలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకని ప్రచారం అయ్యాక అడ్రసు అడుగుతూ పంపే సర్వేలో కామెంట్ పెట్టే చోటు ఉంటే "బోర్డ్ గేమ్, 9504 అని రాయండి" అని అడగండి. చాలామంది వింటారు.

ఇంకోటి. పెట్టె మీద 14+ అని ఎందుకు ఉంటుందో చాలామందికి తెలియదు. చాలాసార్లు అది ఆట కష్టమని కాదు. 14 ఏళ్ళలోపు పిల్లల ఆటవస్తువైతే మన దగ్గర 2021 జనవరి నుంచి బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) మార్కు తప్పనిసరి. బయటి దేశాల్లోనూ పిల్లల వస్తువులకు వేరే పరీక్షలున్నాయి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదేళ్ళ పిల్లాడు హాయిగా ఆడే గేము మీద కూడా 14+ వేస్తారు.

బెజవాడబాబాయ్

సీతమ్మధార గారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు ఒకసారి పెట్టె కన్నా ముందు కొరియర్ వాడి డ్యూటీ బిల్లు వచ్చింది. ఇంట్లో ఆవిడ చూసి "ఏంటండీ, ఏం తెప్పించారు, బంగారమా?" అంది. పెట్టె విప్పితే అట్టముక్కలు, చెక్కముక్కలు. ఆ రోజు వంట చప్పగా ఉంది.

అట్టముక్కల_అమ్మాయి

ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ ప్రింట్-అండ్-ప్లే, అంటే ఫైలు తీసుకుని మనమే ప్రింట్ చేసుకుని ఆడే గేముల గురించి ఎవరూ చెప్పలేదేంటి! షిప్పింగ్ లేదు, కస్టమ్స్ లేదు, ఓడ లేదు. చాలా ప్రచారాల్లో రెండు మూడు డాలర్లకి పీడీఎఫ్ మాత్రమే ఇచ్చే ప్లెడ్జ్ ఉంటుంది. కొన్నయితే ప్రచారం నడుస్తున్నన్నాళ్ళూ ఉచితంగా పెడతారు, ఆడి చూసి కట్టండని. ఆడి చూడనిచ్చేవాడికి తన గేము మీద నమ్మకం ఉన్నట్టే కదా.

బటన్ షై అని అమెరికాలో చిన్న ప్రచురణ సంస్థ ఉంది. వాళ్ళ గేములు ఎక్కువగా పద్దెనిమిది కార్డులే, పర్సులాంటి కవర్లో వస్తాయి. వాటిలో స్ప్రాలోపోలిస్ (2018) నా ప్రాణం. ఒక్కరైనా ఆడొచ్చు, నలుగురు కలిసైనా ఆడొచ్చు. కార్డుకి ఒకవైపు నాలుగు గళ్ళు: ఇళ్ళు, అంగళ్ళు, ఫ్యాక్టరీ, పార్కు, మధ్యలోంచి రోడ్లు. రెండోవైపు ఒక షరతు, ఒక అంకె. మూడు కార్డులు తిప్పి షరతుల వైపు పెడతారు. ఆ మూడు అంకెలు కలిపితే ఎంతో, అన్ని పాయింట్లు మీ ఊరు తెచ్చుకోవాలి. మిగతా పదిహేను కార్డులతో ఊరు కట్టాలి. ఒక కార్డు మీద ఇంకోటి ఎక్కించి పరచొచ్చు కానీ కిందికి దూర్చకూడదు. ప్రతి రోడ్డుకీ ఒక పాయింటు పోతుంది, కాబట్టి రోడ్లు ఎంత కలిపితే అంత లాభం. వినడానికి సులువే. "పార్కుల పక్కన ఫ్యాక్టరీ ఉండకూడదు" లాంటి షరతూ, దానికి అడ్డం పడే ఇంకో షరతూ ఒకేసారి తగిలితే పావుగంట ఆటకి అరగంట వాదన. మా హాస్టల్లో నలుగురం ఒకే కార్డు పట్టుకుని కొట్టుకున్నంత పని చేశాం.

నేనయితే రంగుల జిరాక్స్ షాపులో మామూలు కాగితం మీదే ప్రింట్ తీయిస్తాను. మందం అట్ట అడిగితే వాళ్ళ మెషిన్‌లో ఇరుక్కుంటుందని గొణుగుతారు. కాగితం ముక్క కత్తిరించి, వెనక పాత పేకముక్క పెట్టి, రెండూ కలిపి ప్లాస్టిక్ స్లీవ్‌లో తోసేస్తే సరి. కలుపుతుంటే అచ్చం కొన్న కార్డుల్లాగే జారతాయి. ఇంట్లో వాళ్ళకి మాత్రం "ఈ పిల్ల పేకాట మొదలెట్టింది" అని అనుమానం వస్తుంది, ముందే చెప్పుకోండి.

రూల్‌బుక్_రాంబాణం

అమ్మాయి గారు బంగారంలాంటి మాట చెప్పారు. దానికి నాదో ముక్క కలుపుతాను. బోర్డ్‌గేమ్‌గీక్‌లో ఏటా ప్రింట్-అండ్-ప్లే డిజైన్ పోటీలు జరుగుతాయి. తొమ్మిది కార్డులు, పద్దెనిమిది కార్డులు, ఒంటరిగా ఆడేవి, ఇలా. అండర్ ఫాలింగ్ స్కైస్ అలా 2019లో తొమ్మిది కార్డుల పోటీలో పుట్టింది, మర్నాడే అన్నట్టు 2020లో చెక్ గేమ్స్ వాళ్ళు పెద్ద పెట్టెగా తెచ్చారు. ఫైళ్ళు అక్కడే ఉంటాయి, పైసా కట్టక్కర్లేదు. నిజంగా కొత్తది కనిపెట్టాలంటే వెతకాల్సిన చోటు అది. యూట్యూబ్ ప్రివ్యూ వచ్చేటప్పటికి ఆ గేము కొత్తది కాదు, ప్రకటన. చాలా ప్రివ్యూలు డబ్బు తీసుకుని చేసేవే, కింద చిన్న అక్షరాల్లో రాస్తారు.

వరంగల్_వజ్రం

ఇది బాగుంది. అట్టముక్కల అక్కా, రెండు డాలర్ల లెక్కయితే నాకూ అభ్యంతరం లేదు. గుంపులో గోవిందా అనుడే నాకు నచ్చదు. ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్‌కి 2015లో పదివేల డాలర్లు అడిగితే 87 లక్షలు ఇచ్చిన్రు, రెండు లక్షల పందొమ్మిది వేల మంది. ఆ ఆటల ఉన్నదేంది? పేలే పిల్లి కార్డు వచ్చి, దాన్ని ఆపే కార్డు చేతిల లేకపోతే ఔటు.

ఫ్రిస్కో_అత్త

అయ్యో, మా మనవడు ఆ పిల్లులాట రోజూ ఆడతాడు! పెద్దవాళ్ళకి చప్పగా ఉండొచ్చు కానీ ఐదు నిమిషాల్లో నేర్పగలిగే ఆట చేయడం తక్కువ పనేం కాదు.

పులిమేక

మధ్యలో దూరుతున్నాను. ఆడేవాళ్ళే మాట్లాడుతున్నారు, నాది చేసేవాడి ప్రశ్న. మన పులి-మేకని నలుగురు ఆడేలా మార్చి ఒక గేము తయారుచేశాను. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు స్థానాలు అన్న పాత లెక్క అలాగే ఉంచి, మేకల వైపు ముగ్గురు కాపర్లని పెట్టాను. ముగ్గురూ ఒక జట్టే, కానీ చివర్లో ఎవరి మేకలు ఎక్కువ మిగిలితే వాళ్ళే గెలుస్తారు. అందుకని పక్కవాడి మేకని పులికి వదిలేద్దామనే బుద్ధి పుడుతుంది. దీన్ని కిక్‌స్టార్టర్‌లో పెట్టొచ్చా?

సీతమ్మధార

కాపర్ల ఆలోచన భలే ఉంది! కానీ కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్ట్ పెట్టగల దేశాల జాబితాలో ఇండియా లేదు. మనం డబ్బు కట్టొచ్చు, అడగలేం. ఆ జాబితాలోని దేశంలో నివాసం, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళు మీ జట్టులో ఉండాలి. కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, దాని మీద పేమెంట్ ఖర్చు ఇంకో 3 శాతం పైచిలుకు.

మనవాళ్ళు చేయలేదని కాదు. ముంబై వాళ్ళ 'శాసన్' 2019లో కిక్‌స్టార్టర్‌లో వచ్చింది. ఎన్నికల ఆట. డబ్బు, పలుకుబడి, మీడియా, జనం నమ్మకం అనే నాలుగింటితో ఓటర్లను సంపాదించాలి. రాజకీయ ప్రశ్నలకు మీరిచ్చే జవాబుని బట్టి ఆ నాలుగింట్లో ఏది చేతికొస్తుందో ఉంటుంది. మన ఇంటి భోజనాల బల్ల దగ్గర ఎలాగూ జరిగే గొడవే, దానికి పాయింట్లు పెట్టారు. బయటి దేశాలవాళ్ళు కూడా ఎగబడి కొన్నారు.

రూల్‌బుక్_రాంబాణం

పులిమేక గారూ, డబ్బు గురించి తర్వాత. మొదట దాని పీడీఎఫ్ ఇక్కడ పెట్టండి. చైనా ఫ్యాక్టరీలు మామూలుగా వెయ్యి కాపీలకు తక్కువైతే ఒప్పుకోవు, ముందే వెయ్యి పెట్టెల అప్పు నెత్తిన వేసుకోకండి. కార్డులే అయితే శివకాశిలో చిన్న లెక్కకీ అచ్చువేసేవాళ్ళు దొరుకుతారు. ఒక అనుమానం మాత్రం ఉంది. పులి ఆడేవాడికి చివర్లో ఏం ఆసక్తి? కాపర్లు ముగ్గురూ వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటుంటే పులి ఊరికే కూర్చుని తినడమేనా?

పులిమేక

అదే ఇంకా తేలలేదు సార్. పులికి ఆకలి లెక్క పెడదామని చూస్తున్నాను, ఇన్ని ఎత్తుల్లో తినకపోతే ఒక పులి బోర్డు నుంచి పోవాలి. ఈ ఆదివారం పీడీఎఫ్ పెడతాను. ఇరవై మూడు స్థానాల బోర్డు ఒక ఏ4 కాగితంలో పడుతుంది, కాయలకి చింతగింజలు, గవ్వలు చాలు.

కొత్తపాచిక

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. మా వాళ్ళతో మాట్లాడాను. ఇప్పటికి పెద్ద పెట్టెల జోలికి వెళ్ళట్లేదు. ఈ వారం స్ప్రాలోపోలిస్ ప్రింట్ తీస్తున్నాం, పై వారం పులిమేక గారి గేము ఆడి ఇక్కడే చెప్తాం. మేం ఐదుగురం కాబట్టి ఒకరు పులి, నలుగురు కాపర్లు పెట్టొచ్చా అనేదీ చూస్తాం. ఒక పెద్ద గేము కూడా కన్నేశాం. రూల్‌బుక్ ఉంది, డిజైనర్ జవాబులు బాగున్నాయి, కానీ ఇండియా "మిగతా ప్రపంచం"లో ఉంది. ఆరు కాపీల గ్రూప్ ప్లెడ్జ్‌కి షిప్పింగ్ బాగా తగ్గుతుందట. మేం ఒకటి తీసుకుంటాం, హైదరాబాద్‌లో ఇంకెవరైనా ఉన్నారా?

వరంగల్_వజ్రం

ముందు గేము పేరు, రూల్‌బుక్ లింకు పెట్టు తమ్మీ. చదివినంక చెప్తా.

బెజవాడబాబాయ్

నా పేరు రాసుకో. బిల్లు మాత్రం మీ ఇంటికే రావాలి.

కొత్తపాచిక

హహ, సరే బాబాయ్. లింకు రాత్రికి పెడతాను. అట్టముక్కల అమ్మాయి గారూ, స్లీవ్‌లు ఏ సైజు తెమ్మంటారు? షాపులో నాలుగైదు రకాలున్నాయి.

అట్టముక్కల_అమ్మాయి

63.5 × 88 మిల్లీమీటర్లు, స్టాండర్డ్ అని ఉంటుంది. మినీ యూరో తీసుకోకండి, పేకముక్క పట్టదు. ప్రింట్ చేసేటప్పుడు సెట్టింగ్స్‌లో "ఫిట్ టు పేజ్" తీసేసి 100 శాతం పెట్టమని షాపు వాడికి చెప్పండి, లేకపోతే కార్డులు చిన్నవై లోపల అటూ ఇటూ ఊగుతాయి.